ఏటికొప్పాక బొమ్మకీ కొండకర్ల పిట్టకీ ఒకే కెమెరా

నాకు కెమెరాతో రెండు పనులు. వారమంతా ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆన్‌లైన్లో అమ్ముతాను, వాటికి ఫొటోలు కావాలి. ఆదివారం తెల్లారకముందే కొండకర్ల ఆవకో, కంబాలకొండకో, మేఘాద్రిగెడ్డ గట్టుకో పోతాను. అక్కడ పిట్టలకి ఫొటోలు కావాలి. రెండు పనులకీ రెండు కెమెరాలు కొనే స్తోమత లేదు. ఉన్నా, విశాఖ ఉప్పుగాలిలో రెండు కెమెరాలని కాపాడుకోవడం మళ్లీ ఇంకో పని. అందుకని ఒక్కటే కొనాలనుకున్నాను. చాలా చదివి, చాలామందిని అడిగి, కాగితం మీద లెక్కలేసుకుని కొన్నాను. ఇంట్లోంచి ఏదో ఒకటి అమ్ముకుంటూ, సెలవొస్తే కొండలూ చెరువులూ పట్టుకు తిరిగేవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్ల కోసమే ఈ లెక్కలు.

నేను తేల్చుకున్నది ముందే చెప్పేస్తాను. కెమెరాని పిట్టని బట్టి కొనండి. బొమ్మ సంగతి వెలుతురు చూసుకుంటుంది.

బొమ్మల గురించి ముందు. ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉంది. అక్కడి బొమ్మలు అంకుడు కర్రతో చేస్తారు. విత్తనాలు, బెరళ్లు, వేళ్లు, ఆకుల నుంచి తీసిన రంగుల్ని లక్కలో కలుపుతారు. కర్ర గిర్రున తిరుగుతుంటే రంగు లక్క కడ్డీని దానికి అదిమి పట్టుకుంటారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి అంటుకుంటుంది. 2017లో వీటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కొనేవాళ్లు చేత్తో పట్టుకుని మురిసిపోయేది ఆ నునుపుకే. ఫొటో తీసేవాళ్లకి తలనొప్పి కూడా ఆ నునుపే. కిటికీ ఊచలు, ట్యూబ్‌లైటు, నా చేతులు, అన్నీ బొంగరం పొట్ట మీద కనిపిస్తాయి.

దానికంటే పెద్ద చిక్కు రంగు. చెట్ల నుంచి వచ్చే ఎరుపు నెమ్మదైన ఎరుపు. ఫోను దాన్ని ఉన్నదున్నట్టు ఉంచదు, పెంచేస్తుంది. నేను సరుకు తెచ్చుకునే ఇంటి పెద్దాయనకి ఒకసారి ఫోన్లో ఫొటో చూపిస్తే, కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, "ఇది మా ఎరుపు కాదు తల్లీ. మా రంగు ఇంతలా మండిపోద్దేటి?" అన్నాడు. ఆయన మాటే కొనేవాళ్ల మాట కూడా. ఫొటోలో ఒక రంగు చూసి తెప్పించుకుని, ఇంటికొచ్చాక ఇంకో రంగు కనిపిస్తే వెనక్కి పంపిస్తారు. రానూపోనూ కొరియరు ఖర్చు మనకి పడుతుంది.

దీనికి ఖరీదైన కెమెరా అక్కర్లేదు. రంగుని మన చేతుల్లో ఉంచే కెమెరా చాలు. అంటే వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుతుర్లో తెలుపు ఎలా కనిపించాలో చెప్పే సెట్టింగు) మనమే కుదుర్చుకోగలగాలి, రా ఫైలు (కెమెరా తన ఇష్టానికి రంగులు దిద్దని ఫొటో) ఇవ్వాలి. 18 శాతం గ్రే కార్డు, అంటే రంగు కొలతకి వాడే బూడిద అట్ట ఒకటి కొనుక్కుని, బొమ్మ పక్కన పెట్టి ఒక ఫొటో తీసి, మిగతావాటికి ఆ కొలతే వాడితే పెద్దాయన ఒప్పుకునే ఎరుపు వస్తుంది. ట్యూబ్‌లైటు ఆపేసి, ఎండ నేరుగా పడని ఉత్తరం కిటికీ దగ్గర, పల్చటి తెల్ల పంచె అడ్డం కట్టి తీస్తాను. గదిలో లైటు వేసి కిటికీ వెలుతురు కూడా కలిపితే మాత్రం రెండు రంగుల నీడలు పడతాయి, వాటిని ఏ కెమెరా సరిచెయ్యలేదు. మెరుపులు తగ్గించడానికి పోలరైజర్ ఫిల్టరు ఉంది. లక్క లోహం కాదు కాబట్టి దాని మీద ఇది బాగా పనిచేస్తుంది. ఫిల్టరు తిప్పుతూ చూస్తే కిటికీ నీడ కరిగిపోయి కింద అసలు రంగు తేలుతుంది. ఇత్తడి సామాను అమ్మేవాళ్లకి మాత్రం దీనివల్ల అంత లాభం ఉండదు.

మెగాపిక్సెళ్ల గురించి ఆలోచించడం మానెయ్యండి. అమెజాన్‌లో మొదటి ఫొటోకి వెనక స్వచ్ఛమైన తెలుపు ఉండాలి, అంటే మూడు రంగులూ 255 దగ్గర. వస్తువు ఫ్రేములో కనీసం 85 శాతం నిండాలి. పెద్దది చేసి చూసుకునే సౌకర్యం రావాలంటే ఒక పక్క 1000 పిక్సెళ్లు దాటాలి. నేను 2000కి 2000 పెడతాను. అది 4 మెగాపిక్సెళ్లు. పదేళ్ల కిందటి కెమెరా కూడా అంతకి నాలుగైదు రెట్లు ఇస్తుంది.

పిట్ట దగ్గరికొచ్చేసరికి కథ వేరు. అక్కడ వెలుతురు మన మాట వినదు, దూరం అసలే వినదు.

కొండకర్ల ఆవలో తాటి దోనెల మీద తిప్పుతారు, మీరు ఎక్కే ఉంటారు. దోనె ఎంత మెల్లగా పోనిచ్చినా, తామరాకుల మీద నడిచే జకానా ఇరవై మీటర్ల దూరంలోనే లేచిపోతుంది. అందుకే ఆ ఇరవై మీటర్లే నేను కొలతగా పెట్టుకున్నాను. అడుగు పొడవున్న పిట్ట, ఇరవై మీటర్లు. ఫోను మామూలు లెన్సుతో తీస్తే ఫొటో వెడల్పులో అది నూరో వంతు ఉంటుంది, అంటే 4000 పిక్సెళ్లలో నలభై. పిట్ట అని మనం చెప్తే తప్ప తెలీదు. సెన్సారంటే కెమెరా లోపల ఫొటో పడే పలక. అందులో చిన్న రకమైన ఏపీఎస్-సీ సెన్సారున్న కెమెరాకి 400 మి.మీ. లెన్సు పెడితే అదే పిట్ట సెన్సారు మీద 6 మి.మీ. పడుతుంది, వెడల్పులో పావు వంతు కంటే కొంచెం ఎక్కువ. 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో అది దాదాపు 1600 పిక్సెళ్లు. ఈకల గీతలు లెక్కపెట్టుకోవచ్చు. అదే 400 లెన్సుని అంతకంటే పెద్ద సెన్సారుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి పెడితే పిట్ట ఆరో వంతే వస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ అంటే గొప్ప అని అందరూ అంటారు, కానీ నా బడ్జెట్‌లో, నా పిట్టలకి, చిన్న సెన్సారే మేలు.

అయితే ఇంకా చిన్న సెన్సారు తీసుకుని, లెన్సు మార్చక్కర్లేని పెద్ద జూమ్ కెమెరా కొనొచ్చు కదా? నేను అన్నిటికంటే ఎక్కువ ఊగిసలాడింది ఇక్కడే. నికాన్ పీ950కి 83 రెట్ల జూమ్, ఫుల్‌ఫ్రేమ్ లెక్కలో 2000 మి.మీ. లెన్సుకి సమానం. పీ1000 అయితే 3000. పేపరు మీద చూస్తే వీటి ముందు ఏదీ నిలబడదు. లెన్సు మార్చేటప్పుడు దుమ్ము పడుతుందన్న భయం లేదు. బొమ్మకైతే సెంటీమీటరు దగ్గరికి కూడా పెట్టొచ్చు. కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పాలపిట్టకి పీ950 చాలా మంచి ఫొటో ఇస్తుంది, ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నాను. కూర్చున్న పిట్టలే చాలు, లెన్సుల గొడవ వద్దు అనుకునేవాళ్లు కళ్లు మూసుకుని అదే కొనుక్కోండి. పాత పీ900 సెకండ్ హ్యాండ్‌లో దొరుకుతుంది కానీ దానికి రా ఫైలు లేదు. బొమ్మల రంగు దగ్గర మళ్లీ ఇబ్బంది.

నాకు ఎగిరే పిట్ట కావాలి. లకుముకి నీళ్లలోకి దూకాలి, అది నాకు దొరకాలి.

అందుకే డాబాగార్డెన్స్ వైపు కెమెరా షాపుకి బ్యాగులో ఒక ఎర్ర బొంగరం, నా సొంత మెమరీ కార్డు వేసుకుని వెళ్లాను. షాపు అబ్బాయి ఓపికమంతుడు. "మేడమ్, బయట ట్రై చేసుకోండి" అని తనే గుమ్మం దాకా తెచ్చిచ్చాడు. రోడ్డవతల కరెంటు తీగల మీద కాకులు. కాకిని మించిన పరీక్ష లేదు: నల్లటి ఒళ్లు, నల్లటి కన్ను, వెనక తెల్లటి ఆకాశం. జూమ్ కెమెరాతో కాకి లేచేలోపు ఫోకస్ వెనక మేడ మీదికి పోయి తిరిగొచ్చింది. కెనాన్ ఆర్10కి ఆర్‌ఎఫ్ 100-400 లెన్సు పెట్టి అదే కాకి మీదికి తిప్పితే, కంటి మీద చిన్న చతురస్రం వచ్చి కూర్చుంది, కాకి లేచినా వదల్లేదు. 2022లో వచ్చిన ఈ కెమెరాకి పిట్టల్ని గుర్తుపట్టడం నేర్పారు. నా చేతికి ఉన్న నేర్పు కంటే అది ఎక్కువ పని చేస్తుంది. తర్వాత కౌంటరు మీద బొంగరం పెట్టి తీశాను. ఇంటికెళ్లి పెద్ద తెర మీద అన్నీ చూసుకుని, మర్నాడు వెళ్లి కొన్నాను.

బరువు దగ్గర నేను ఊహించనిది ఒకటి తేలింది. ఆర్10 బ్యాటరీ, కార్డుతో కలిపి 429 గ్రాములు, లెన్సు 635. మొత్తం 1064. పీ950 ఒక్కటే 1005. లెన్సు మార్చే కెమెరా అంటే మోత అని భయపెట్టేవాళ్ల మాట ఇక్కడ నిలబడదు. 150-600 లాంటి లెన్సుల దగ్గర మాత్రం నిజమే, అవి ఒక్కొక్కటీ రెండు కిలోలకి అటూఇటూ ఉంటాయి. దోనెలో కూర్చుని చేత్తో పట్టుకునేవి కావు.

సోనీ వైపు చూసేవాళ్లకి ఒక మాట. 70-350 లెన్సు చాలా బాగుంటుంది, చివర్లో కెనాన్ 100-400 కంటే ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. కానీ ఏ6400 కుక్కల, పిల్లుల కళ్లు పడుతుంది తప్ప పిట్టల కళ్లు పట్టదు, దానికి ఏ6700 దాకా వెళ్లాలి. నికాన్‌లో 2024లో వచ్చిన జెడ్50-2కి పిట్టల కోసమే విడిగా ఒక మోడ్ ఉంది. నేను కొనేటప్పుడు అది ఉండుంటే నిర్ణయం ఇంకా కష్టమయ్యేది.

కొన్నాక తెలిసిన సంగతి ఇంకోటి ఉంది, దీని గురించి ఎవరూ పెద్దగా రాయరు. పిట్టల లెన్సే బొమ్మలకి కూడా మంచి లెన్సు. దగ్గర నుంచి వెడల్పు లెన్సుతో తీస్తే బొమ్మ ముక్కు పెద్దదై, వెనక భాగం చిక్కిపోతుంది. రెండు మీటర్ల వెనక్కి వెళ్లి 200 దగ్గర పెట్టి తీస్తే జానెడు బొమ్మ ఉన్న ఆకారంలోనే ఫ్రేము నిండుతుంది. పైగా వెనక ఒక్క తెల్ల చార్ట్ పేపరు సరిపోతుంది, ఎందుకంటే దూరపు లెన్సు వెనకాల కొంచెం మేరే చూస్తుంది. లక్క మీద సన్నటి గీతలు చూపించాలంటే 400కి తిప్పి దగ్గరికి జరగడమే. అయిదున్నర సెంటీమీటర్ల వెడల్పు మేర ఫ్రేమంతా నిండుతుంది. ట్రైపాడ్, ఐఎస్‌ఓ (సెన్సారు వెలుతురుకి స్పందించే కొలత) 100, ఎఫ్/11 లేదా 16 (లెన్సు రంధ్రం కొలత, అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది), రెండు సెకన్ల టైమరు. ఇంతే నా స్టూడియో.

తెల్ల కాగితం మీద మొదటిసారి తీసినప్పుడు కాగితం బూడిద రంగులో వస్తే కంగారు పడకండి. కెమెరా ఏది చూసినా మధ్యరకం బూడిద అనుకుని కొలుస్తుంది. ఎక్స్‌పోజరు ఒక స్టాపు (స్టాపంటే వెలుతురు రెట్టింపు), లేదా ఒకటిన్నర పెంచితే తెలుపు తెల్లగా వస్తుంది. శీతాకాలంలో తేలినీలాపురం వెళ్తే దీనికి సరిగ్గా తిరగేసిన అవసరం పడుతుంది. అక్కడ గూడకొంగలూ ఎర్రకాళ్ల కొంగలూ ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. ముదురాకుపచ్చ చెట్టు మీద తెల్ల పిట్ట, అక్కడ స్టాపు తగ్గించకపోతే రెక్కలు తెల్లటి మరకలైపోతాయి. బొమ్మల దగ్గర రోజూ తిప్పే చక్రమే కాబట్టి, చెట్టు కింద నిలబడినప్పుడు వేలు దానంతట అదే అక్కడికి పోతోంది.

ఈ లెన్సుకి పెద్ద లోటు ఉంది, దాచను. 400 దగ్గర దాని రంధ్రం ఎఫ్/8 కంటే పెద్దగా తెరుచుకోదు, వెలుతురు తక్కువే వస్తుంది. కొండకర్లలో, మేఘాద్రిగెడ్డలో, ఆకాశం కింద అది చాలు. కంబాలకొండ చెట్ల నీడలో పొద్దున్నే సెకనులో 500వ వంతు వేగం కావాలంటే ఐఎస్‌ఓ 6400కి పోతుంది, ఇసక చల్లినట్టు గరుకు వస్తుంది. పిట్ట కదలనప్పుడు వేగం బాగా తగ్గించి, చెట్టుకి భుజం ఆనించి, ఊపిరి బిగబట్టి తీస్తాను. లెన్సులో ఉన్న స్టెబిలైజరు చేతి వణుకుని ఆపుతుంది, పిట్ట కదలికని ఆపలేదు. ఎలక్ట్రానిక్ షట్టరు ఎగిరే పిట్టలకి వాడకండి, అది ఫొటోని వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి రెక్కలు వంకర పోతాయి. మెకానికల్ షట్టరుతో సెకనుకి 15 ఫొటోలు వస్తాయి, అవి ఎక్కువే. ఫ్లాష్ సంగతి ఎత్తనే వద్దు. గూళ్ల దగ్గర కూడదు, ఆర్కే బీచ్‌లో తాబేలు పిల్లల్ని సముద్రంలోకి వదిలేటప్పుడు అసలే కూడదు. అవి వెలుతురు చూసి దారి తప్పుతాయి.

మా తమ్ముడు "అక్కా, ఇంత పెట్టి కొన్నావు, జాగర్తేటి మరి?" అని అడిగాడు. మన ఊళ్లో కెమెరాకి అసలు శత్రువు లెన్సులో పెరిగే బూజు. బీరువాలో బట్టల మధ్య, తోలు బ్యాగులో పెట్టకండి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు కొనుక్కోండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. ఏసీ గదిలోంచి బయటికి తెచ్చేటప్పుడు బ్యాగు మూసే ఉంచి, కాసేపాగి తియ్యండి, లేకపోతే అద్దం మీద చెమట పడుతుంది. బీచ్ నుంచి రాగానే తడి గుడ్డతో ఉప్పు తుడిచి, పొడి గుడ్డతో మళ్లీ తుడవండి.

ఇంత ఖర్చు ఇప్పుడే వద్దనుకునేవాళ్లకి పాత డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే పాత రకం కెమెరా) బాడీ, 70-300 లెన్సు ఈ రెండు పనులూ చేస్తాయి. ఎగిరే పిట్టలు కొన్ని తప్పిపోతాయి, అంతే. లెన్సుకి ఒక వైపు నుంచి టార్చి కొట్టి రెండో వైపు నుంచి చూడండి, సాలెగూడులాంటి తెల్ల పోగులు కనిపిస్తే ఎంత చవకకిచ్చినా వద్దు. నికాన్ ఏఎఫ్-పీ 70-300 కొన్ని పాత బాడీల మీద ఫోకస్ చెయ్యదు కాబట్టి, మీరు కొనే బాడీకే తగిలించి చూశాకే డబ్బు ఇవ్వండి. ఆ బాడీతో ఎన్ని ఫొటోలు తీశారో కూడా అడగండి.