కార్బన్ రెక్కకు పిడుగు కాపు: మెష్ కన్నా అతుకే ముఖ్యం

ఏప్రిల్, మే నెలల్లో పగలంతా ఎండ మాడ్చి, సాయంత్రానికి శేషాచలం కొండల మీద మబ్బు కమ్ముకుంటుంది. మళ్లీ అక్టోబర్, నవంబర్లలో ఈశాన్య రుతుపవనాలు. రేణిగుంటలో దిగే విమానాలకు ఈ రెండూ పిడుగుల కాలాలే. ఎక్కువ పిడుగులు తగిలేది ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపుల్లో ఉండే ఎత్తులో. మన వైపు అది సుమారు 5 కిలోమీటర్లు, అంటే 16 వేల అడుగులు. జెట్ విమానం ఆ పొరను నిమిషాల్లో దాటేస్తుంది. 25 వేల అడుగులకు మించి ఎక్కని ప్రొపెల్లర్ విమానం ఏటీఆర్ 72కి ఆ వెసులుబాటు తక్కువ. పైగా దాని రెక్కల బయటి భాగం కార్బన్ ఫైబర్‌ది.

కార్బన్ లామినేట్ అంటే రెజిన్ అనే జిగురుతో అతికిన కార్బన్ పోగుల పొరలు. పోగుల వెంబడి కొలిచినా దాని వాహకత అల్యూమినియంలో సుమారు వెయ్యో వంతే. మందం దిశలో ఇంకా తక్కువ. పిడుగు పరీక్షల్లో ప్రయోగించే మొదటి దెబ్బ 200 కిలో ఆంపియర్లు, కొన్ని వందల మైక్రోసెకన్లలో అయిపోతుంది. దాని వెనకే వందల ఆంపియర్ల కరెంటు పావు సెకను నుంచి సెకను దాకా పారుతుంది, మొత్తం 200 కూలుంబులు. మొదటిది పగలగొడుతుంది, రెండోది కాలుస్తుంది. లోపలి రెజిన్ ఒక్కసారిగా ఆవిరై, బయటికి దారి లేక, పూరీ పొంగినట్టు ప్లైలను (పొరలను) విడదీస్తుంది.

అందుకే పైపొరలో రాగి మెష్, అంటే సన్నని రాగి వల. బాగా వాడుకలో ఉన్నవి చదరపు మీటరుకు 73 గ్రాములది, 195 గ్రాములది. పిడుగు నేరుగా తగిలే రెక్కల కొసల్లాంటి చోట బరువైనది, అది జారుకుంటూ పోయే చోట తేలికది. అల్యూమినియం మెష్ ఇంకా తేలికే. కానీ కార్బన్‌కు తగిలి, తేమ కూడా చేరితే గాల్వానిక్ తుప్పు పట్టి అల్యూమినియం తినేసుకుపోతుంది. మధ్యలో కరెంటు పారని గ్లాస్ ఫైబర్ ప్లై తప్పనిసరి. ఆ ప్లై బరువు కలిపాక మిగిలే లాభం ఎంతో లెక్క చూసుకోవాలి.

కొత్త ప్యానెల్‌లో ఇదంతా సాఫీగానే ఉంటుంది. చిక్కంతా రిపేర్‌లో. ప్యాచ్ ఎంత బలంగా వేసినా పాత మెష్‌కు కొత్త మెష్ కలవకపోతే కరెంటు ఆ అంచు దగ్గర ఆగి, కార్బన్‌లోకి దిగుతుంది. పెయింట్, దాని కింది సర్ఫేసింగ్ ఫిల్మ్ (పలుచని రెజిన్ పొర) గీకేటప్పుడు రాగి రంగు తొంగిచూసిన క్షణమే పవర్ సాండర్ పక్కన పెట్టి, చేత్తో సన్న కాగితం పట్టండి. మెష్ మందం మిల్లీమీటరులో పదో వంతు ఉంటే గొప్ప, ఒక్క రాపిడికే తెగిపోతుంది. బయటపడిన రాగిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాక చేతులతో ముట్టుకోవద్దు, గ్లోవ్స్ వేసుకోండి. కొత్త మెష్ పాతదాని మీద చుట్టూ కనీసం 12 మిల్లీమీటర్లు, వీలైతే 25 ఎక్కాలి. ఆ విమానం స్ట్రక్చరల్ రిపేర్ మాన్యువల్ ఇంకెంతైనా చెబితే అదే చెల్లుతుంది. ముడత పడితే అక్కడ రెజిన్ చేరి గుంట కడుతుంది. ముడతను కత్తిరించి సర్దుదామనుకోవద్దు, ముక్క మార్చేయండి.

క్యూర్ అయ్యాక (రెజిన్ గట్టిపడ్డాక), పెయింట్‌కు ముందే, నాలుగు వైర్ల మిల్లీఓమ్ మీటర్‌తో అతుకుకు అటూ ఇటూ నిరోధం కొలవాలి. మామూలు మల్టీమీటర్ ఇక్కడ దండగ, దాని లీడ్ల నిరోధమే మనం వెతికేదానికన్నా ఎక్కువ.

పెయింట్ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అది ఇన్సులేటర్. పాతది తీయకుండా కొత్త కోటు వేసుకుంటూ పోతే మందం పెరిగి, పిడుగు వేరు (అది విమానాన్ని అంటుకున్న చోటు) వెనక్కి జారకుండా ఒకేచోట పాతుకుంటుంది, పేలుడు ఒత్తిడి కూడా పైకి పోలేక లోపలికి తన్నుతుంది. మెష్ బాగున్నా దాని కింద ప్లైలు విడిపోవడానికి ఇదొక కారణం. అందంగా కనిపించే లోగోల కింద ఈ మందం మరీ ఎక్కువ.

రెక్కల వెనక అంచున వేలాడే స్టాటిక్ విక్‌లు (సన్నని పుల్లల్లాంటివి) పిడుగును ఆపుతాయనేది భ్రమ. అవి రేడియోలో గరగర రాకుండా నిశ్చల విద్యుత్తును వదిలేవి, అంతే. అయితే తనిఖీలో మొదట చూడాల్సిన వాటిలో అవీ ఉన్నాయి, పిడుగు బయటికి పోయే దారి తరచూ అక్కడే. ఒక చోట కాలిన మచ్చ కనిపిస్తే రెండోది దొరికేదాకా వెతకాలి. నాణెంతో తట్టి చూస్తే పైపొరలు విడిపోయింది తెలుస్తుంది, మందపాటి ప్యానెల్ లోపల ఏముందో తెలియాలంటే అల్ట్రాసోనిక్ (శబ్ద తరంగాల) స్కాన్ కావాలి. కంటికి కనిపించే మచ్చ కంటే లోపలి దెబ్బ వెడల్పుగా ఉండొచ్చు కాబట్టి, స్కాన్ మచ్చ అంచు దగ్గర ఆపకుండా సిగ్నల్ మామూలుగా వచ్చేదాకా నాలుగు వైపులా సాగించండి.