ఆల్వేన్ మూడవ రాప్సొడీ గురించి

స్వీడన్ జానపద సంగీతం పునాదిగా వెలువడిన ఆర్కెస్ట్రా రచనల ప్రస్తావన వస్తే చాలామందికి ముందుగా తోచేది స్వీడన్ స్వరకర్త హ్యూగో ఆల్వేన్ 1903లో రచించిన ‘మిడ్సొమ్మర్‌వాకా’. తీగవాద్యాలు కమాను పక్కన పెట్టి వేళ్ళతో మీటుతూ ఉండగా క్లారినెట్ ఎత్తుకునే ఆ తొలి వరస 1953లో పెర్సీ ఫెయిత్ ఆర్కెస్ట్రా రికార్డు ద్వారా ఎంత ప్రచారం పొందిందంటే, స్వరకర్త పేరు ఎన్నడూ వినని వారికి సైతం అది పరిచితమైపోయింది. అయితే ఆల్వేన్ రాసిన మూడు స్వీడిష్ రాప్సొడీలలో (పలు వరసలను స్వేచ్ఛగా ఒకచోట అల్లిన రచనలలో) నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది అది కాదు. ఉప్సాలా విద్యార్థుల పాటలను కూర్చి 1907లో చేసిన రెండవదీ కాదు. 1931 నాటి మూడవ రచన ‘దాలారాప్సొడి’ని నేను ఆ రెండింటికంటే ఉన్నతమైనదిగా భావిస్తాను.

ఈ రచన సొప్రానో శాక్సొఫోన్ ఒంటరి ఆలాపనతో మొదలవుతుంది. జాజ్ బృందాల వాద్యంగా లోకం ఎరిగిన శాక్సొఫోన్‌ను మధ్య స్వీడన్‌లోని దాలార్నా ప్రాంతపు అడవుల సంగీతానికి ఎంచుకోవడం విడ్డూరంగా అనిపించవచ్చు గాని, ఆ ప్రాంతపు జీవనం తెలిస్తే అందులోని ఔచిత్యం బోధపడుతుంది. అక్కడ వేసవి రాగానే పశువులను ఊళ్ళకు దూరంగా అడవిలోని మేత నెలవులకు తోలుకుపోయేవారు. వాటిని కాచే పని ప్రధానంగా ఆడవారిది. వారు మందను పిలవడానికి, దూరాన ఉన్న తోటి కాపరులకు కబురందించడానికి గొంతును బాగా హెచ్చుస్థాయికి తీసుకుపోయి ‘కూల్నింగ్’ అనే పిలుపులు పాడేవారు. ఆవుకొమ్ము బూరలనూ, బర్చ్ చెట్టు బెరడు చుట్టిన పొడవాటి కర్ర బాకాలనూ ఊదేవారు. సన్నని గొంతుగల ఊదువాద్యం ఓబో ఇక్కడ మరీ నాజూకుగా ఉండేది, ట్రంపెట్ మరీ సైనికంగా ఉండేది. కొమ్ముబూరకూ మనిషి గొంతుకూ నడుమ నిలిచే ధ్వని శాక్సొఫోన్‌లో దొరికింది. కూల్నింగ్‌లోని కొన్ని స్వరాలు పియానో మెట్ల మధ్యన నిలుస్తాయి కనుక, కర్ణాటక సంగీతంలో గమకానికి అలవాటుపడిన చెవికి ఆ పిలుపులు పరాయివిగా తోచవని నా అనుభవం.

నాకు అసంతృప్తి కలిగించేది నాట్యభాగాలు. పోల్స్కా మూడు దెబ్బల నాట్యం. దాలార్నాలోని సిల్యాన్ సరస్సు చుట్టుపక్కల ఊళ్ళ ఫిడేలు వాద్యకారులు ఆ మూడింటినీ సమంగా వాయించరు. చాలా చోట్ల మొదటి దెబ్బను కుదించి రెండవదాన్ని సాగదీస్తారు, పాదంతో మొదటి, మూడవ దెబ్బలకు తాళం వేస్తారు. ఆ ఒడుదుడుకు ఊరూరికీ వేరు. అది చేతిలోనూ కాలిలోనూ ఉండేదే గాని స్వరలిపికి పూర్తిగా లొంగేది కాదు. ఒకే కొలతకు కట్టుబడి పదుల సంఖ్యలో వయొలిన్లు కలిసి వాయించినప్పుడు వరస మిగులుతుంది, నడక చదునైపోతుంది. యౌవనంలో స్టాక్‌హోమ్‌లోని రాజాస్థాన ఆర్కెస్ట్రాలో స్వయంగా వయొలిన్ వాయించిన ఆల్వేన్‌కు ఈ తేడా తెలియకపోదు. తెలిసే వాద్యసమూహపు నిండుదనాన్ని ఎంచుకున్నాడని అనుకుంటాను. అందువల్ల ఈ రచన వినదలచినవారు ముందుగా ఓర్సా గాని, రెట్విక్ గాని ప్రాంతపు ఒంటరి ఫిడేలు పోల్స్కాలు రెండు మూడు వినడం మంచిది. ఆర్కెస్ట్రాలోకి ఏది వచ్చిందో, ఏది రాలేదో అప్పుడు వేరుచేసి పట్టుకోగలుగుతారు.