లారీ మీద 2820 అని రాసి ఉంటే ఏంటో మా నాన్న చెప్పిన లెక్క

మా నాన్న బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డర్, బడి లేని రోజు నన్నూ తీసుకెళ్ళేవాడు. హోసూరు నుంచి కొత్త లేలాండ్ చాసిస్, అంటే ఇంజనూ చక్రాలూ ఉన్న లారీ అస్థిపంజరం వచ్చిందంటే చూడాలి, క్యాబిన్ లేదు తలుపుల్లేవు, డ్రైవర్ మొహానికి తువ్వాలు చుట్టుకుని చెక్క సీటు మీద కూర్చుని అంత దూరం తోలుకొచ్చేవాడు, దిగేసరికి కనుబొమ్మల నిండా దుమ్మే.

ఆ కంపెనీ పేరు కూడా ఒక పిల్లాడిదే. 1948లో రఘునందన్ శరణ్ అనే ఆయన మద్రాసులో కొడుకు పేరు మీద అశోక్ మోటార్స్ పెట్టి ఆస్టిన్ కార్లు బిగించాడు, 1955లో ఇంగ్లండు లేలాండ్ వచ్చి కలిశాక అశోక్ లేలాండ్ అయింది. పాత బళ్ళ పేర్లు భలే ఉండేవిలే, కామెట్, బీవర్, హిప్పో, టస్కర్, టారస్, సగం జూపార్కే.

తర్వాత అన్నీ నంబర్లయిపోయాయి. 2518, 3118. ఇవేం పేర్లు నాన్నా అంటే, ముందు రెండంకెలు టన్నులు, వెనక రెండంకెల పక్కన సున్నా పెట్టుకో, అది హార్స్‌పవర్ అన్నాడు, అంతే, అప్పట్నుంచి రోడ్డు మీద ఏ లారీ కనపడినా చదవడమే పని. 2018లో కేంద్రం యాక్సిల్ లోడ్, అంటే ఒక్కో ఇరుసు మీద పడనిచ్చే బరువు పెంచాక 25 కాస్తా 28 అయింది, 31 కాస్తా 35 అయింది, లేలాండ్ వాళ్ళ ఇప్పటి ఏవీటీఆర్ రకం బళ్ళలో 2820 పది టైర్లది, 3520 పన్నెండు టైర్లది, 4220 పద్నాలుగు టైర్లది, 5525 అయితే ట్రైలర్ లాగేది.

చాలామంది పొరపడేది ఎక్కడంటే ఆ 28 టన్నులూ సరుకే అనుకుంటారు. కాదు, బండి బరువు, బాడీ బరువు, డీజిల్, అన్నీ అందులోనే. అందుకే ఓనర్లు వచ్చి ఇంకో నాలుగు యాంగిళ్ళు (ఎల్ ఆకారం ఇనప బద్దీలు) వెయ్యి గట్టిగా ఉంటుంది అంటే నాన్న ఒప్పుకునేవాడు కాదు, నువ్వు ఒక క్వింటా ఇనుము ఎక్కిస్తే ప్రతి ట్రిప్పుకీ ఒక క్వింటా కిరాయి పోయినట్టే బాబూ అనేవాడు. కొందరు వినేవాళ్ళు, కొందరు పక్క షెడ్డుకి పోయేవాళ్ళు.

ఇప్పుడు క్యాబిన్లు చాలావరకు కంపెనీ నుంచే వస్తున్నాయి, టిప్పర్‌కి తొట్టి కూడా కొన్నిటికి బిగించే ఇస్తున్నారు. బస్సుల బాడీలకైతే మనకి దగ్గర్లోనే మల్లవల్లిలో 2025 మార్చిలో లేలాండ్ వాళ్ళు ప్లాంటే తెరిచారు.

మొన్న హనుమాన్ జంక్షన్ దగ్గర బండి మీద పోతుంటే పక్కనుంచి 3520 వెళ్ళింది, నేను నంబర్ చదివేలోపే వెనక కూర్చున్న నాన్న, దానికి ఇనుము ఎక్కువ కొట్టార్రా, అన్నాడు.