అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము

తిబెరియ సముద్రతీరాన ప్రభువైన యేసుకూ ఆయన శిష్యుడైన పేతురుకూ మధ్య జరిగిన సంభాషణను మన సంఘాలలో తరచుగా యోహాను సువార్త 21వ అధ్యాయం 17వ వచనం దాకా ధ్యానించి ఆపేస్తాం. ప్రధానయాజకుని ముంగిట మంట దగ్గర మూడుసార్లు తనను ఎరుగనన్న శిష్యునికి ప్రభువు ఇక్కడ నిప్పుల మీద చేపలూ రొట్టే సిద్ధం చేసి, ముందు భోజనం పెట్టి, ఆ తరువాతే ప్రశ్న వేశాడు. ఇకమీదట బొంకనని మాట ఇమ్మనలేదు. తనను ప్రేమిస్తున్నావా అని మాత్రమే అడిగి, తన గొర్రెలను అతని చేతికి అప్పగించాడు. ఈ భాగం ఎన్నిసార్లు చదివినా నా మనస్సు నిండుతుంది. అయితే అనుదిన జీవితంలో నన్ను నిలదీసేవి ఆ తరువాతి వచనాలు.

ముసలితనంలో వేరొకడు నీ నడుము కట్టి నీకిష్టం కాని చోటికి తీసుకుపోతాడని, అతనికి రాబోయే మరణాన్ని సూచిస్తూ ప్రభువు చెప్పగానే, పేతురు వెనుదిరిగి తోటి శిష్యుడైన యోహానును చూసి, ఇతని సంగతి ఏమిటని అడిగాడు. దానికి వచ్చిన జవాబే "అది నీకేమి? నీవు నన్ను వెంబడించుము" అన్న మాట.

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చినప్పుడు ఈ మాట నాకు గుర్తుకొస్తుంది. ఒక అక్క లేచి, కొడుకుకు అమెరికా వీసా వచ్చిందని, ఉపవాస ప్రార్థనకు దేవుడు జవాబిచ్చాడని కన్నీళ్లతో చెబుతుంది. అందరూ స్తోత్రం అంటారు. రెండు వరుసల వెనుక, భర్తను వారం వారం డయాలసిస్‌కు తీసుకువెళ్లే మరో అక్క కూడా స్తోత్రం అంటూనే ఒడిలోని బైబిలు అంచును వేళ్లతో సరిచేసుకుంటూ ఉంటుంది. ఆమె చేసిన ప్రార్థనలు తక్కువవి కావు. అలాంటప్పుడు "ప్రభువా, ఈమె సంగతి ఏమిటి?" అని నేనూ అడుగుతాను. నిజం చెప్పాలంటే, ఆ ప్రశ్నలో ఆమె మీది జాలితో పాటు నా లెక్కలు కూడా కలిసి ఉంటాయి.

"అది నీకేమి" అన్న మాటను పక్కవారిని పట్టించుకోకుండా ఉండడానికి సాకుగా వాడుకోలేము, ఎందుకంటే అంతకు కొద్ది క్షణాల ముందే ప్రభువు తన గొర్రెలను మేపమన్నాడు. ఆ అక్కతో ఆసుపత్రికి వెళ్లి కూర్చోవడం, ఇంటికి క్యారేజీ పంపడం నా పనులే. ఆమెకు కలిగినదానినీ నాకు కలిగినదానినీ పక్కపక్కన పెట్టి దేవుని ప్రేమను కొలవడం మాత్రం నా పని కాదు. పని అప్పగించి కొలబద్దను తీసేసుకోవడం నాకు ఎంతో కష్టంగా తోచే ఆజ్ఞ. విశ్రాంతి దొరికేది కూడా అక్కడే. శ్రమ వచ్చిన ఇంట్లో విశ్వాసం తక్కువైందేమో అని మనవాళ్లు మెల్లగా అనే మాట ఎన్ని కుటుంబాలను నలిపేసిందో చూసినవారికి ఈ విశ్రాంతి విలువ తెలుస్తుంది.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయంలో హేరోదు రాజు యోహాను సహోదరుడైన యాకోబును కత్తితో చంపించాడు. అదే అధ్యాయంలో దూత వచ్చి పేతురును చెరసాల నుండి బయటికి నడిపించాడు. ఒకరిని ఎందుకు విడిపించాడో, మరొకరిని ఎందుకు విడిపించలేదో ఆ గ్రంథం రాసిన లూకా ఒక్క వాక్యమైనా రాయలేదు. తరువాత పేతురు రోమాలో నీరో చక్రవర్తి కాలంలో హతసాక్షి అయ్యాడనీ, యోహాను ఎఫెసులో వృద్ధాప్యం దాకా జీవించాడనీ సంఘ సంప్రదాయం చెబుతుంది. ఇద్దరూ వెంబడించినవారే.

తీరాన ఆ జవాబు విన్న పేతురు యోహానుకు దూరంగా జరగలేదు. ఆ కార్యముల గ్రంథంలోనే 3వ అధ్యాయం తెరిస్తే, పగలు మూడు గంటల ప్రార్థనవేళ తాను ఎవరి సంగతి అడిగాడో ఆ యోహానుతోనే కలిసి దేవాలయానికి వెళుతూ, శృంగారమనే ద్వారం దగ్గర కూర్చున్న కుంటివాని కుడిచెయ్యి పట్టుకొని లేవనెత్తాడు.