అమ్మను, చిన్నమ్మను ఒక్కరిని చేసిన ఫంక్షనల్ ప్రాపర్టీ

మూడు రాత్రులు నిద్ర లేకుండ చేసిన తప్పు నిన్న దొరికింది! పరకాల దిక్కు మా ఊరి మహిళా సంఘం తీర్మానాలు, పనులు అందరూ ఫోన్లనే చూసుకునేటట్టు యాప్ చేస్తున్న కదా, అందుల ఎవరు ఏ గుంపుల ఉన్నరు, ఎవరు ఏది దిద్దొచ్చు అన్నది ఆంటాలజీయే (మనుషులు, గుంపులు, వాటి సంబంధాలను కంప్యూటర్‌కు అర్థమయ్యేటట్టు రాసే నమూనా) చెప్పాలె. సంఘం, గ్రామ సంఘం, మండల సమాఖ్య మెట్లు పోయిన వారమే కుదిరినయ్.

సంఘంల 12 మంది. కొత్త అధ్యక్షురాలిగా చిన్నమ్మను ఎక్కించి హెర్మిట్ (రాసిన వాక్యాల నుంచి కొత్త సంగతులు తేల్చే ప్రోగ్రామ్) నడిపిస్తే సెకను కూడ పట్టలే, ఎర్ర గీత ఒక్కటి లేదు. కానీ యాప్‌ల 11 మందే కనబడ్డరు. గ్రామ సంఘం తీర్మానాలు దిద్దే హక్కు అమ్మకే ఉండాలె, చిన్నమ్మకు కూడ వచ్చింది.

ఐఆర్‌ఐలు (ఒక్కొక్కరిని గుర్తుపట్టే చిరునామాలు) తెలుగు పేర్లతోనే పెట్టిన కాబట్టి కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు దూరిందేమో అనుకున్న. 12 పేర్లూ అక్షరం అక్షరం విప్పి చూసిన. రెండింట్ల దొరికింది, తీసేసిన, లెక్క మారలే. అట్లయితే మనుషులు పెరగాలె గానీ తగ్గొద్దని తెల్లారి తట్టింది. రెండో రాత్రి ఇంటిపేరు మీద అనుమానం, ఇద్దరిదీ ఒకటే కదా. ఇంటిపేర్లు తీసి వరుస నంబర్లు పెట్టిన. మళ్ల 11. మూడో రాత్రి ఆంటాలజీలు రాసే సాఫ్ట్‌వేర్ ప్రొటెజేల అమ్మ పేరు మీద నొక్కితే పసుపు గడిల కనబడ్డది: అమ్మ, చిన్నమ్మ ఒకే మనిషి! పక్కనున్న ప్రశ్న గుర్తు నొక్కితే కారణం మూడే వాక్యాలు. సంఘానికి అధ్యక్షురాలు అమ్మ. సంఘానికి అధ్యక్షురాలు చిన్నమ్మ. ‘అధ్యక్షురాలు’ ఫంక్షనల్ ప్రాపర్టీ, అంటే ఒక సంఘానికి ఒక్కరే ఉండాలె.

రెండు పేర్లుంటే ఇద్దరు మనుషులే అని ఓడబ్ల్యూఎల్ (ఆంటాలజీలు రాసే భాష) అనుకోదు. ఒక్కరే ఉండాలని నేనే రాసి రెండు పేర్లిచ్చిన, అది ఒక్క మనిషికే రెండు పేర్లని తేల్చింది. ఇద్దరూ వేరువేరు అని రాస్తే ఆంటాలజీ మొత్తం వైరుధ్యంల పడి ఆగమైంది. అసలు అమ్మ దిగిపోయినంకనే చిన్నమ్మ ఎక్కింది. నా నమూనాల కాలమే లేదు.

వెబ్ ప్రమాణాలు పెట్టే డబ్ల్యూ3సీ 2014ల ఖాయం చేసిన, సంస్థల సంగతులు రాసే ఓఆర్‌జీ ఆంటాలజీల మెంబర్‌షిప్ తరగతి ఉన్నది ఇందుకే. మనిషి, సంఘం, పాత్ర, కాలం నాలుగూ ఒక్క ముడికి వస్తయ్. మనుషుల పరిచయాలు రాసే ఆంటాలజీ ఫోఫ్‌ల గుంపు, సభ్యులు అంతవరకే, కాలానికి చోటు లేదు. సంఘాల లెక్కకు అది ఒక్కటే పెట్టుకోవద్దని నా మాట. ఓఆర్‌జీకి మార్చిన, 12 మంది వచ్చిన్రు.

ఈ సంగతి ఫోన్ల చెప్తే అమ్మ ఇంకో మాట అన్నది: “చిన్నమ్మ లీడరైనా, తీర్మానం కాయితం బ్యాంకుకు పోయి సంతకాలు మారేదాక నా సంతకమే నడుస్తది బిడ్డా.” అంటే పదవి వేరు, సంతకం హక్కు వేరు, తేదీలు కూడ వేరు. రెండిటికీ రెండు ముడులు పెడుతున్న.

‘ఒక్కసారికి ఒక్కరే’ అనే కాపలా ఇగ డేటా నియమాలు తనిఖీ చేసే షాకల్‌కే ఇస్త. 2017 నుంచి అదీ డబ్ల్యూ3సీ ప్రమాణమే. ముగింపు తేదీ లేని అధ్యక్షురాలి ముడులు ఒకటి దాటితే తప్పని చూపియ్యాలె. ఆ నియమాలు టర్టిల్ల (ఈ డేటాను అక్షరాలల్ల రాసే తీరు) చేత్తోనే రాస్త, ప్రొటెజేను కారణాలు చూసుకునేందుకే తెరుస్త. తర్వాత వీవోఏ (గ్రామ సంఘం సహాయకురాలు) అక్క సంగతి చూడాలె: చానా సంఘాల పుస్తకాలు రాస్తది, సభ్యురాలు మాత్రం ఒక్కదాంట్లనే. ఆదివారం ఊరికి పోయి తీర్మానాల పుస్తకం ముందటేసుకొని పాత లీడర్ల తేదీలన్నీ ఎక్కిస్త.