పదిహేనున్నర అంగుళాల తెర, ముప్పై రెండంటున్న బోర్డు

నిన్న రాత్రి పన్నెండున్నరకి లాగిన్ తెర మీద నా పేరు ఇంతింత పెద్ద అక్షరాల్లో కనిపించింది. ఎగిరి గంతేశాను. పాస్‌వర్డ్ కొట్టాను, డెస్క్‌టాప్ తెరుచుకుంది. మళ్లీ చీమలంత అక్షరాలే! ఏమీ ముట్టుకోకుండా వెళ్లి పడుకున్నాను. పొద్దున్న పళ్లు తోముకుంటుంటే కారణం తట్టింది. ఇప్పుడే రాసిపెట్టుకోకపోతే ఆర్నెల్ల తర్వాత మళ్లీ ఇక్కడే తల బాదుకుంటాను.

కొత్తగా చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. బరంపురంలో పాత లాప్‌టాప్‌లు విప్పి అమ్మే కొట్లో 15.6 అంగుళాల 4కే ప్యానెల్ ఒకటి గీతా మచ్చా లేకుండా దొరికింది. దాన్ని కంప్యూటర్‌కి కలిపే డ్రైవర్ బోర్డు ఆన్‌లైన్‌లో తీసుకుని, రెండూ కలిపి నాన్నకి మానిటర్ చేస్తున్నాను. ఆయన రిటైరైన తెలుగు మాస్టారు. మా వీధికి పేపరు వచ్చేసరికి ఎండెక్కుతుంది కాబట్టి ఈ-పేపర్ అలవాటైంది. పాత పుస్తకాల స్కాన్లు కూడా చదువుతారు. బోర్డుని పాతపట్నంలో మా బావ వాళ్లింటికి తెప్పించాను. సరిహద్దుకి అవతల, ఆంధ్రా వైపు అడ్రసిస్తే పార్సిల్ రెండు రోజులు ముందొస్తుంది. ఒడిశా వైపు మా పర్లాకిమిడిలో ఉండేవాళ్లకి ఇది కొత్త సంగతి కాదు.

నలభై పిన్నుల కేబుల్, 12 వోల్టుల అడాప్టర్, బ్యాక్‌లైట్ అన్నీ మొదటి రోజే పనిచేశాయి. యూఎస్‌బీ-సీ మీద 60 హెర్ట్జ్ కూడా వచ్చేసింది. వాటి గురించి ఇంకేం రాయను.

స్విచ్ వేసి చూపిస్తే నాన్న అన్న మాట: "ఏట్రా ఇదీ, చీమల బారు పెట్టావు!"

నిజమే మరి. మెనూలో 'ప' అక్షరం పక్కన స్టీలు స్కేలు పెట్టి కొలిచాను. ఒక మిల్లీమీటరు కూడా లేదు. ద, ధ, థ మూడూ ఒకేలా ఉన్నాయి. ధ కింద గీత, థ లోపల చుక్క పిక్సెల్ లెక్కన ఉన్నట్టే, కంటికి మాత్రం లేవు. ఒత్తులైతే అక్షరం కింద అంటుకున్న మసిలా కనిపిస్తున్నాయి. ఇంగ్లిష్ అక్షరం ఈ సైజులోనూ ఎలాగో పోల్చుకోవచ్చు, మన లిపికి ఒత్తే ప్రాణం. ఒడియా అక్షరాలదీ అదే గతి. నెత్తిమీద గుండ్రటి గొడుగొక్కటే కనిపిస్తోంది, కిందున్నది ఏ అక్షరమో దేవుడికే తెలియాలి.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి 200 శాతం నొక్కితే పోయేదానికి ఇంత గొడవెందుకని మీరడగొచ్చు. నొక్కాను, బ్రహ్మాండంగా వచ్చింది. మర్నాడు మళ్లీ చీమలు. మళ్లీ నొక్కాను. రెండు రోజులు బాగుంది, మూడో రోజు మళ్లీ మొదటికి. కేబుల్ మీద అనుమానపడి మార్చాను. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా బోర్డు మతి పోగొట్టుకుంటోందేమోనని అడాప్టర్ పదిసార్లు పీకి పెట్టాను. ఏమీ తేలలేదు. చివరికి నాన్న పక్కన కూర్చుని, ఆయన మెషిన్ ఎలా ఆన్ చేస్తారో చూశాను. ఒకరోజు కేబుల్ ఈ రంధ్రంలో గుచ్చుతారు, ఒకరోజు పక్కదాంట్లో. లాప్‌టాప్ మూత ఒక్కోసారి తెరిచి ఉంచుతారు, ఒక్కోసారి మూసేస్తారు.

మెషిన్ సెకండ్‌హ్యాండ్ థింక్‌ప్యాడ్ టీ480. ఆ కీబోర్డు కోసమే కొన్నాను, ఇప్పటికీ దానికి సాటి లేదంటాను. దానికి రెండు యూఎస్‌బీ-సీ పోర్టులున్నాయి. రెండిట్లోనూ బొమ్మ వస్తుంది, కానీ అందులోని ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ లెక్కలో ఒకటి డీపీ-1, రెండోది డీపీ-2. లినక్స్‌లో డెస్క్‌టాప్‌ని నడిపే ప్రోగ్రాం గ్నోమ్. అది తన సెట్టింగులు దాచుకునే మానిటర్స్ ఫైల్‌లో పోర్టు పేరు, తయారీదారు కోడ్, మోడల్, సీరియల్ నాలుగూ కలిపి ఒక తెరని గుర్తుపడుతుంది. పోర్టు మారితే దాని దృష్టిలో అది వేరే తెర. పైగా ఏయే తెరలు ఒకేసారి వెలుగుతున్నాయన్నదాన్ని బట్టి కూడా విడివిడిగా దాచుకుంటుంది. రెండు పోర్టులు, మూత తెరిచి లేదా మూసి, వెరసి నాలుగు రకాలు. నేను 200 నొక్కింది అందులో ఒక్కదానికే! హెచ్‌డీఎంఐని లెక్కలోకే తీసుకోలేదు. ఈ మోడల్‌లో ఉన్నది 1.4 రకం, 4కేకి 30 హెర్ట్జే ఇస్తుంది, మౌస్ బాణం బెల్లం పాకంలో ఈదుతున్నట్టుంటుంది.

సరే, నాలుగు రకాలకీ నాలుగుసార్లు నొక్కొచ్చు. కానీ లాగిన్ తెర నా సెట్టింగులు చదవదు. పాస్‌వర్డ్ కొట్టే చోట నాన్నకి చీమలు తప్పవు. అసలు కొత్త తెర తగిలించగానే గ్నోమ్ తనే లెక్కేసుకుని 200 పెట్టాలి కదా, ఎందుకు పెట్టట్లేదు? పట్టుకోవాల్సింది అక్కడే.

మానిటర్ తన జాతకాన్ని ఈడీఐడీ అనే చిన్న ఫైలుగా కంప్యూటర్‌కి పంపుతుంది. మొదటి భాగం 128 బైట్లు. దాన్ని ఈడీఐడీ-డీకోడ్ అనే ప్రోగ్రాంలో పెట్టి చూశాను. మా బోర్డు చెప్పుకుంటున్న కొలత 71 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్లు. అంటే 32 అంగుళాల మానిటర్! నా స్కేలు చెప్పే లెక్క 34.4, 19.4. వెడల్పు 3840 పిక్సెల్స్‌ని 34.4తో లెక్కేస్తే అంగుళానికి 283 చుక్కలు, 71తో లెక్కేస్తే 138 కూడా రావు. 138 చుక్కలున్న పెద్ద తెరకి నూరు శాతం చాలని గ్నోమ్ అనుకోవడంలో తప్పేం లేదు. అబద్ధం బోర్డుది. ఒకే బోర్డుని పది రకాల ప్యానెళ్లకి అమ్ముతూ అన్నిట్లోనూ ఒకే జాతకం రాసేసి ఉంటారని నా ఊహ. సీరియల్ నంబరు మొత్తం సున్నాలే ఉండటం చూస్తే ఆ ఊహ ఇంకా బలపడింది.

కొన్ని బోర్డులు సైజు బదులు 16, 9 అని నిష్పత్తి రాసి ఊరుకుంటాయి. అలాంటివి నయం, అది సైజు కాదని గ్నోమ్ పసిగట్టి పక్కన పెడుతుంది. మాది నమ్మబుద్ధయ్యే అబద్ధం.

ఇక సర్జరీ. సున్నా నుంచి లెక్కపెడితే 21, 22 బైట్లలో సైజు సెంటీమీటర్లలో ఉంటుంది. హెక్స్‌లో (పది బదులు పదహారు మీద లెక్కపెట్టే పద్ధతి) 47, 28 ఉన్నచోట 22, 13 పెట్టాను, అంటే 34, 19. ఇదే సైజు మిల్లీమీటర్లలో ఇంకోచోట ఉంటుంది. అది 66, 67, 68 బైట్లు. మొదటి రెండిట్లో వెడల్పు, ఎత్తుల చివరి ఎనిమిదేసి బిట్లు, మూడోదాంట్లో రెండిటి పై బిట్లు చెరి సగం. 708, 398 ఉన్నదాన్ని 344, 194 చేయాలంటే హెక్స్‌లోనే సీ4, 8ఈ, 21 తీసి 58, సీ2, 10 పెట్టాలి. ఎవరు ఏది చదువుతారో ఎందుకొచ్చిన గొడవని రెండు చోట్లా మార్చేశాను.

మొదటి ప్రయత్నం: లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్‌కి ఈ ఫైలు వాడుకోమని, మెషిన్ లేచేటప్పుడు చదివే బూట్ లైన్‌లో చెప్పి రీస్టార్ట్ చేశాను. ఏ మార్పూ లేదు. బోర్డు చెప్పిన పాత జాతకాన్నే తీసుకుంది. చెక్‌సమ్ మర్చిపోయాను. 128 బైట్లూ కూడితే 256తో శేషం లేకుండా పోవాలి, ఆ సర్దుబాటు చివరి బైట్ చేస్తుంది. నేను మార్చిన ఐదు బైట్ల పాత మొత్తం 482, కొత్తది 351. తగ్గింది 131, కాబట్టి చివరి బైట్‌కి 131 కలపాలి. 90 ఉన్నది 221 అయింది. రెండో 128 బైట్లకి వేరే చెక్‌సమ్ ఉంటుంది, వాటి జోలికి పోలేదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు. ఇదంతా నోటు పుస్తకంలో చేత్తో కూడాను. ప్రోగ్రాం రాయొచ్చు, కానీ కూడికలో ఓ తృప్తి ఉంది.

రెండో ప్రయత్నం: ఈసారి లాగ్ చూస్తే ఎర్రర్ మైనస్ 2, అంటే ఫైలే దొరకలేదట! ఫోల్డర్‌లో నా కళ్ల ముందే ఉంది. పేరులో అక్షరదోషమేమోనని అరగంట, పర్మిషన్లేమోనని ఇంకో అరగంట పోయాయి. అసలు సంగతేమిటంటే, నేను వాడే లినక్స్ రకం ఫెడోరాలో ఇంటెల్ గ్రాఫిక్స్ డ్రైవర్ డిస్కు తెరుచుకోకముందే, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న బూట్ ఇమేజ్ దశలోనే లేస్తుంది. ఆ వేళకి నా ఫైలున్న డిస్కు ఇంకా తగలలేదు. ఫైలు పేరు ఆ ఇమేజ్ తయారుచేసే డ్రాకట్ సెట్టింగుల్లో ఒక లైనుగా చేర్చి, ఆ బూట్ ఇమేజ్ మళ్లీ తయారుచేస్తే సరిపోయింది. ఇంకో మాట: బూట్ లైన్‌లో పోర్టు పేరు రాయకుండా ఫైలు పేరొక్కటే ఇస్తే అది అన్ని తెరలకీ అంటుకుంటుంది, లాప్‌టాప్ సొంత తెరతో సహా. డీపీ-1కీ డీపీ-2కీ విడివిడిగా, మధ్యలో కామా పెట్టి రాయాలి.

మూడో ప్రయత్నమే నిన్న రాత్రిది. లాగిన్ తెర పెద్దగా, లోపల చీమలు. పళ్లు తోముకుంటూ తట్టింది ఇదీ: ఆ మానిటర్స్ ఫైల్! సైజు మార్చాను గానీ తయారీదారు కోడ్, మోడల్, సీరియల్ పాతవే ఉంచాను. గ్నోమ్ "ఓహో, మన పాత చుట్టమే" అనుకుని, పాత స్కేల్ తీసి తగిలించింది. తెరల్ని ఎడమకీ కుడికీ జరుపుతూ ఓకే కొట్టినప్పుడల్లా స్కేల్ 1, అంటే నూరు శాతం, కూడా కలిపి రాసేసుకుందన్నమాట. ఫైలు తెరిచి చూస్తే నాలుగు అమరికలున్నాయి. ఒకదాంట్లో 2, మిగతా మూడింట్లో 1. లాగిన్ తెరకి అలాంటి పాత జ్ఞాపకాలేం లేవు కాబట్టి అది కొత్త జాతకం చదివి బుద్ధిగా 200 పెట్టింది. ఆ మానిటర్స్ ఫైలు చెరిపేసి మళ్లీ లాగిన్ అయ్యాను. రెండు పోర్టులు, మూత తెరిచి, మూసి, నాలుగు రకాలుగానూ 200 వచ్చింది. లాప్‌టాప్ 14 అంగుళాల తెర మాత్రం నూరు దగ్గరే ఉంది, దానికదే సరి. మెనూలో ధ కింద గీత కనిపిస్తోంది.

ఇదంతా వేలాండ్‌లో, అంటే లినక్స్ తెర మీద కిటికీలు గీసే కొత్త పద్ధతిలో. పాత పద్ధతి ఎక్స్11లో ఒక సాయంత్రం వృథా చేశాను. అక్కడ రెండు తెరలకీ కలిపి ఒకటే స్కేల్, రెండోదాన్ని సాగదీయాల్సిందే. ఒకటి బాగుంటే ఒకటి మసక. 4కే తెరా, మామూలు తెరా పక్కపక్కన పెట్టుకునేవాళ్లు ఎక్స్11ని ఇక వదిలేయడం మంచిదని నా అభిప్రాయం.

ఫ్రాక్షనల్ స్కేలింగ్ (125, 175 లాంటి మధ్య శాతాలు) ఆపే ఉంచాను. ఒకసారి ఆన్ చేసి 175 నొక్కి చూశాను. ఫైల్‌లో 1.7518248 అని రాసుకుంది. కంగారు పడకండి, 3840ని 1.75తో భాగిస్తే పూర్ణసంఖ్య రాదు కాబట్టి, 2192కి 1233 వచ్చేలా తనే సర్దుకుంటుంది. కానీ బటన్లు, మెనూలు గీసే లైబ్రరీ జీటీకే 3 మీద నడిచే అప్లికేషన్లకి పూర్ణసంఖ్యలే తెలుసు. రెండింతలు గీసి కుదిస్తారు, ఆ కుదింపులో ఒత్తుల అంచులు కరుగుతాయి. 125, 150 కావాల్సినవాళ్లకి నేనైతే గ్నోమ్ బదులు కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్ చెబుతాను, 5.27 నుంచి ఆ విషయంలో బాగా కుదురుకుంది. బొమ్మలు దిద్దే గింప్ 2.10లో ఐకాన్లు ఏ స్కేల్‌లోనూ సరిగా రావు, దాని కింద ఉన్నది జీటీకే 2. గింప్ 3కి మారిపోండి.

తర్వాతి పని రెండు రకాలు. సరదా పని, ఈ తెర మీద సవర భాష రాసే సొరంగ్ సొంపెంగ్ లిపి ఎంత స్పష్టంగా వస్తుందో చూడటం. మా గజపతి జిల్లాలో సవర మాట్లాడేవాళ్లు ఎక్కువ. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన ఆ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది, గూగుల్ వాళ్ల నోటో ఫాంట్లలో దానికీ ఒకటుంది. సవర భాష మీద అంత పని చేసిన గిడుగువారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉండి ఇది ఇన్నాళ్లూ చూడలేదంటే నాన్న ఊరుకోరు.

అసలు పని, జాతకాన్ని బోర్డులోనే తిరగరాయడం. అప్పుడు ఏ కంప్యూటర్‌కి తగిలించినా నిజమే చెబుతుంది. కేబుల్ ద్వారానే రాసేయొచ్చని కొందరంటారు, నాకు భయం. ఈడీఐడీ ఉండే చిరునామా హెక్స్‌లో 50, ర్యామ్ స్టిక్ తన వివరాలు దాచుకునేదీ అక్కణ్ణుంచే. ఏ డేటా తీగల మీద రాయాలో చెప్పే బస్ నంబరు తప్పు కొడితే ర్యామ్ పాడవ్వొచ్చు. అందుకే బోర్డు మీది ఫ్లాష్ చిప్‌కి క్లిప్పు తగిలించి, చిప్‌లు చదివి రాసే సీహెచ్341ఏ ప్రోగ్రామర్ పరికరంతో ముందు పూర్తి కాపీ తీసుకుంటాను. ఆ పరికరంలో చౌకగా దొరికే నల్ల రంగు రకం డేటా తీగల మీద 5 వోల్టులు పంపిస్తుంది, 3.3 వోల్టుల చిప్‌కి అది మంచిది కాదు. దాన్ని సరిచేశాకే తగిలిస్తాను.

క్లిప్పు శనివారానికి పాతపట్నం వస్తుందట. బోర్డు విప్పాలి, ఒక పూట మానిటర్ ఇవ్వమని నాన్ననడిగాను. "నువ్వు మళ్లీ ముట్టుకుంటే చీమలొస్తాయి, నేనివ్వను" అని కేబుల్ తీసి బీరువాలో పెట్టేశారు.