చక్కెర అడగని క్యాన్సర్, పెరిగిన నా షుగర్

ప్రోస్టేట్ బయాప్సీలో క్యాన్సర్ ఎంత ఉధృతమో చెప్పే గ్లీసన్ స్కోరు 4+4 అని రాగానే అందరికంటే ముందు రంగంలోకి దిగింది మా బావమరిది. "బావా, ఈ రోజు నుంచి పంచదార బంద్. క్యాన్సర్‌కి తిండే అది" అని ఫోన్. పూర్తిగా గాలిమాట అనడానికీ లేదు. క్యాన్సర్ కణాలు ఆక్సిజన్ అందుతున్నా గ్లూకోజ్‌ను లాక్టిక్ ఆమ్లం దాకా తీసుకెళ్లి వదిలేస్తాయని జర్మనీలో ఓటో వార్బర్గ్ అనే శాస్త్రవేత్త 1920లలోనే చూపించాడు. మామూలు పెట్ స్కాన్ కూడా ఆ ఆకలిని పట్టుకునే పనిచేస్తుంది. రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన గ్లూకోజ్‌లాంటి మందు, ఎఫ్‌డీజీ, నరంలోకి ఎక్కించి ఏ కణాలు దాన్ని ఎక్కువగా లాక్కున్నాయో చూస్తారు.

నాకు రాసింది మాత్రం పీఎస్ఎంఏ పెట్, అంటే ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద ఎక్కువగా ఉండే పీఎస్ఎంఏ అనే ప్రొటీన్‌ను వెతికే స్కాన్. గుంటూరులో ఒక సెంటర్‌కి వెళ్తే కౌంటర్లో కుర్రాడు చీటీ చూసి, "పెట్ మా దగ్గర ఉంది సార్, రేపు పొద్దున పరగడుపున వచ్చేయండి" అన్నాడు. ఇది వేరే పేరు కదా బాబూ అంటే, "రెండూ ఒకటే సార్" అన్నాడు. అనుమానం తీరక యూరాలజిస్టుకు ఫోన్ చేశాను. "ఒకటి కాదు మాస్టారూ. మీకు ఆ మామూలు పెట్ తీస్తే జబ్బు ఉన్నా కనపడకపోవచ్చు. డబ్బు దండగ. సాయంత్రం రండి, చెప్తాను" అన్నారు.

నేను జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పి రిటైరైనవాణ్ని. కణం తిండిని శక్తిగా మార్చుకునే క్రెబ్స్ వలయం నిద్రలో లేపినా గీస్తాను. ఆ సంగతి తెలిసి డాక్టరు గారు ప్రిస్క్రిప్షన్ కాగితం వెనక్కి తిప్పి ఆ వలయమే వేశారు. సిట్రేట్ తర్వాత ఐసోసిట్రేట్ రావాలి, మధ్యలో అకోనిటేజ్ ఎంజైమ్. సరిగ్గా అక్కడ అడ్డంగా ఒక గీత కొట్టి "జింక్" అని రాశారు. ఆరోగ్యంగా ఉన్న ప్రోస్టేట్ కణం తనలో జింక్‌ను విపరీతంగా పోగుచేసుకుంటుందట. ఆ జింక్ అకోనిటేజ్‌ను ఆపేస్తుంది. వలయం ముందుకు సాగదు, సిట్రేట్ మిగిలిపోతుంది, దాన్నే ఆ గ్రంథి వీర్యద్రవంలోకి పంపిస్తుంది. అంటే చేతికొచ్చిన శక్తిలో చాలా భాగాన్ని వదులుకుని బతికే కణం అది. అన్నేళ్లు పాఠం చెప్పాను గానీ, ఒంట్లోనే ఇలా వలయాన్ని కావాలని ఆపుకునే కణం ఒకటి ఉందని అప్పటిదాకా తెలియదు.

క్యాన్సర్‌గా మారేటప్పుడు ఆ కణం చేసే తొలి పనుల్లో ఒకటి జింక్‌ను వదిలించుకోవడం. జింక్‌ను లోపలికి తెచ్చే రవాణా ప్రొటీన్లు తగ్గిపోతాయి, అకోనిటేజ్‌కు అడ్డు తొలగుతుంది, వలయం పూర్తిగా తిరగడం మొదలవుతుంది. మిగతా క్యాన్సర్లు చాలావరకు గ్లూకోజ్ మీద పడితే, ఇది మొదట్లో సిట్రేట్‌ను కాల్చుకుంటూ, కొవ్వు ఆమ్లాలను వాడుకుంటూ, కొత్త కొవ్వులు కూడా తయారుచేసుకుంటూ పెరుగుతుంది. గ్లూకోజ్ కోసం పెద్దగా ఎగబడదు కాబట్టే ఎఫ్‌డీజీ స్కాన్‌కు తరచూ దొరకదు.

"అయితే జింక్ మాత్రలు వేసుకుంటే?" అని అడిగాను. డాక్టరు గారు నవ్వి, లోపలికి తీసుకెళ్లే దారే మూసుకుపోయాక మీరెంత మింగితే ఏం లాభం, సొంతంగా వేసుకోవద్దు అన్నారు.

పీఎస్ఎంఏ స్కాన్ కోసం హైదరాబాద్ వెళ్లాం. దానికి పరగడుపు అక్కర్లేదు, నీళ్లు మాత్రం బాగా తాగమన్నారు. మందులో ఉండే రేడియోధార్మిక గాలియం-68 ప్రతి 68 నిమిషాలకూ సగానికి తరిగిపోతుంది, అందుకే చెప్పిన టైముకు ఉండాలని రెండుసార్లు ఫోన్. సీసం తొడుగులో ఉన్న సిరంజి తెచ్చి ఇంజెక్షన్ ఇచ్చి, విడిగా ఒక గదిలో గంటసేపు కూర్చోబెట్టారు. మా ఆవిడను బయటే ఉంచేశారు. మిషన్ ఎక్కించేముందు బాత్రూమ్‌కి పంపారు.

బొమ్మ చూస్తే ముందు గుండె ఆగినంత పనైంది. కళ్ల దగ్గర, దవడల కింద, కిడ్నీల్లో అంతా నల్లగా ఉంది. ఒళ్లంతా పాకిందనుకున్నాను. అవి కన్నీటి గ్రంథులు, లాలాజల గ్రంథులు, అవి ఎవరికైనా అలాగే కనిపిస్తాయి అన్నారు. నిజంగా లెక్కలోకి వచ్చినవి ప్రోస్టేట్‌లో మచ్చ, కటి భాగంలో రెండు లింఫ్ గ్రంథులు. ఎముకల్లో ఏమీ లేదు.

రేడియేషన్‌తో పాటు టెస్టోస్టిరాన్ తగ్గించే ఇంజెక్షన్ మొదలుపెట్టారు. టెస్టోస్టిరాన్‌ను ఆపితే ఈ జబ్బు వెనక్కి తగ్గుతుందని చార్లెస్ హగ్గిన్స్ అనే సర్జన్ 1941లో చూపించిన దారే ఇది. ఈ కణం కొవ్వు తయారీ, శక్తి తయారీ చాలావరకు నడిచేది ఆ హార్మోన్ ఆదేశం మీదే. ఈ జబ్బు ఎంతుందో రక్తంలో చూసే పీఎస్ఏ అంకె నాకు చక్కగా దిగింది. కానీ ఒంటికి కూడా ఆ హార్మోన్ కావాలిగా! కూర్చున్నచోటే ఒళ్లంతా ఆవిర్లు, చెమటలు. కండ తగ్గి పొట్ట పెరిగింది. ఇన్సులిన్ పనితనం మందగించి, మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్షలో 5.9 ఉన్న హెచ్‌బీఏ1సీ 6.8కి ఎక్కింది. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ వచ్చింది, పంచదార పోయింది. ఫోన్లో బావమరిది, "నేను ముందే చెప్పానా!"

కాదురా, కారణం అది కాదు అని చెప్పబోయి ఊరుకున్నాను. క్రెబ్స్ వలయం ఫోన్లో గీయలేం.

ఇంజెక్షన్లు రాయించుకునేవాళ్లు మొదలుపెట్టేముందే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, ఎముకల సాంద్రతకు డెక్సా స్కాన్ చేయించుకుని ఆ కాగితాలు దాచుకోండి. తర్వాత ఎంత మారిందో తెలియాలంటే మొదటి అంకె ఉండాలి. నడక ఒక్కటే చాలదు, కండ నిలబడాలంటే బరువులెత్తాలి. నేను రెండు కిలోల డంబెల్స్ కొనుక్కున్నాను.

మొన్న వెళ్లినప్పుడు అడిగితే డాక్టరు గారు ఇంకో మాట చెప్పారు. ఇంజెక్షన్‌కు కూడా లొంగని దశకు వెళ్తే ఈ కణాలు మళ్లీ మారతాయి, అప్పుడు కొన్ని నిజంగానే గ్లూకోజ్ మీద పడతాయి, పీఎస్ఎంఏను వదిలేసేవి కూడా ఉంటాయి. అలాంటివాళ్లకు రెండు స్కాన్లూ తీయిస్తారట. "మీకిప్పుడు ఆ అవసరం లేదు, పీఎస్ఏ 0.1 ఉంది" అంటూ మూడు నెలల తర్వాతి తేదీ రాసిచ్చారు.